మినోవా నీడ ముందే వెళ్ళింది

ఎడిన్‌బర్గ్ రేవు పేట లీత్‌లోని ఆ ఫ్లాట్‌లో పొద్దున్నే మొదట లేచేది మినోవా నీడ. ఎండ ఉన్న రోజైతే, కర్టెన్ సందులోంచి వెలుతురు పడగానే అది మంచం దిగి వంటింట్లోకి పోయి కెటిల్ దగ్గర నిలబడేది. కాసేపటికి మినోవా లేచి, కళ్ళు నులుముకుంటూ అదే దారిన పోయి కెటిల్ ఆన్ చేసేవాడు. అతని భార్య అపూర్వ దుప్పటి ముసుగులోంచే గోడవైపు చూసి, నీడ ఇంకా కప్పులు తీయలేదు కదా, మరికాసేపు పడుకోవచ్చు అనుకునేది.

మినోవాకు పుట్టినప్పటినుంచీ అంతే. నీడ అతనికంటే ముందు కదులుతుంది. చిన్న పనికి రెప్పపాటు ముందు, పెద్ద పనికి రోజుల ముందు. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు ఇతనికి ఇది. లీత్‌లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. స్టాప్‌లో నీడ ఒక్కటే చెయ్యెత్తి నిలబడి ఉంటే బస్ డ్రైవర్ తలుపు తెరిచి, "మనిషి వస్తున్నాడు, కాస్త ఆగండి" అని వెనక్కి తిరిగి చెప్పేవాడు. మూలమీద కొట్టు నడిపే ఆవిడ, నీడ ఏ పాల దగ్గర ఆగితే ఆ పాలు తీసి కౌంటర్ మీద పెట్టేది.

అపూర్వది హన్మకొండ. ఎడిన్‌బర్గ్‌లో హాస్పిటల్‌లో ఫిజియో. మినోవా ఆమెకు మొదట తెలిసింది రెండు పాడైపోయిన మోకాళ్ళుగా. చిన్నప్పటినుంచి కాళ్ళు మడిచి, మడమల మీద కూర్చుని, పొద్దంతా షోగి అనే పలక ఆట ఆడిన మోకాళ్ళు అవి. కాలు వంచమని ఆమె అనకముందే నీడ వంచి, నొప్పితో ముడుచుకునేది. ఎక్కడ ఆపాలో అపూర్వకు ముందే తెలిసిపోయేది. ఆ చికిత్స అంతా ముగిసి, అతను మళ్ళీ హాస్పిటల్‌కు రానక్కర్లేదని తేలిన చాలా నెలలకు, ఇద్దరూ ఒకే బస్‌లో ఎదురుపడ్డారు. ఆ తర్వాత చాలాసార్లు కావాలనే ఎదురుపడ్డారు.

పెళ్ళి మాట అపూర్వ తన తల్లి కనకమ్మకు ఫోన్‌లో చెప్పింది. జపాన్‌వాడన్నది ఆమె ఎట్లాగో మింగింది. చేసే పనే గొంతు దిగలేదు.

"పచ్చీస్ ఆడితే జీతమిస్తరా బిడ్డా?" అన్నది చివరికి.

పచ్చీస్ కాదని, చదరంగం లాంటిదని, గవ్వలూ పాచికలూ ఉండవని, అక్కడ అది పెద్ద వృత్తి అని అపూర్వ ఓపిగ్గా చెప్పింది. ఒక్కటే తేడా, మన చదరంగంలో చచ్చిన బంటు పెట్టెలోకి పోతుంది, షోగిలో చావదు. పట్టుకున్నవాడి చేతికి వచ్చి, వాడి తరఫున మళ్ళీ పలక మీదికి దిగుతుంది. కనకమ్మకు ఆట మొత్తంలో అదొక్కటే తేలిగ్గా అర్థమైంది. "అంటే పార్టీ మారుడు. మా ఎమ్మెల్యే లెక్క" అన్నది.

అయితే ఆ ఆట మినోవా ఎందుకు మానేశాడన్నది అపూర్వ తల్లికి చెప్పలేదు.

అతను పదేళ్ళ వయసులో ఉత్తరాన ఒక రేవు ఊరినుంచి గురువు ఇంటికి చేరాడు. శిక్షణశాలలో పిల్లలు వందలమంది. ఇరవై ఆరు నిండేలోపల వృత్తి ఆటగాడు కాలేకపోతే మూట సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. అక్కడ మొదటి ఏడాదంతా మినోవా ఓడుతూనే ఉన్నాడు. అతని చెయ్యి కంటే ముందు నీడ చెయ్యి పావు మీదికి పోయేది. ఎదుటి పిల్లాడు అది చూసి తన ఎత్తు మార్చుకునేవాడు. గురువు ఒకరోజు దీపాన్ని సరిగ్గా అతని నడినెత్తిన వేలాడదీసి, నీడను మోకాళ్ళ కింద కుక్కాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "వాళ్ళు చూస్తే నీకు నష్టం. నువ్వు చూస్తే నీ ఆటే చచ్చిపోతుంది. నువ్వు మాత్రం ఎప్పుడూ చూడకు."

అప్పటినుంచి మినోవా గెలవడం మొదలుపెట్టాడు. గడువుకు కొద్ది నెలల ముందు వృత్తిలోకి వచ్చాడు. కింది తరగతి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి ముప్పై దాటేసరికి పై తరగతికి చేరాడు. ఒక పెద్ద బిరుదు కోసం ఆడే ఆటలో, దేశమంతా పేరున్న ఒక ఆటగాణ్ణి ఓడించాడు. ఓడినాయన లేచి వెళ్తూ విలేకరులతో ఒక్క మాట అన్నాడు. "ఆయనకు తన తర్వాతి ఎత్తు ఆలోచించాల్సిన పని లేదు. తన నీడను చూసుకుంటే చాలు."

అది అంటుకుంది. షోగి సంఘం విచారణ పెట్టింది. నీడల గురించి నియమావళిలో ఏమీ లేదు. చూశాడని రుజువు లేదు. చూడలేదనడానికీ లేదు. ఒక మనిషి ఫలానా వైపు చూడలేదని ఎవరు మాత్రం ఎట్లా రుజువు చేస్తారు? తప్పు తేలలేదని ప్రకటించి విచారణ ముగించారు. కానీ ఆట తర్వాత అతనితో కూర్చుని ఎత్తులు చర్చించేవాళ్ళు తగ్గిపోయారు. టీ ఇచ్చే మనిషి కూడా అతని కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసేది. ఒక ఏడాది అట్లా ఆడి, మినోవా రిటైర్ అవుతున్నానని చెప్పేశాడు. ఆ తర్వాత ఎండ తక్కువుండే ఊరు వెతుక్కుని ఎడిన్‌బర్గ్ వచ్చాడు. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాడు. శనివారాలు లైబ్రరీలో షోగి నేర్పేవాడు.

పెళ్ళికి ముందు అపూర్వ ఒకే ఒక్కసారి అడిగింది, చూశావా అని. లేదన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. కానీ ఆ 'లేదు' ఆమె లోపల సరిగ్గా కుదురుకోలేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులాగా అప్పుడప్పుడూ నాలుకకు తగిలేది. అతను ల్యాప్‌టాప్ ముందు పాఠం చెబుతుంటే, ఆమె బట్టలు మడతపెడుతూ అతని కళ్ళనే చూసేది. కళ్ళు పక్కకు తిరిగితే ఆమె చేతిలో మడత ఆగిపోయేది. కిటికీలో పావురం వాలింది కాబోలు, అంతే, అని సర్దిచెప్పుకునేది.

ఆ ఏప్రిల్‌లో ఎండలు ముందే వచ్చాయి. అప్పుడే ఫోన్లు కూడా మొదలయ్యాయి. పొద్దున టిఫిన్ వేళకు మోగేవి. మినోవా స్క్రీన్ చూసి బెడ్‌రూమ్‌లోకి పోయి తలుపు దగ్గరికి వేసేవాడు. తలుపు వెనక జపనీస్. బయటికి వచ్చి స్టూడెంట్ అనేవాడు. ఏ స్టూడెంట్‌తోనూ అతను అంత వంగిపోయిన గొంతుతో మాట్లాడడని అపూర్వకు తెలుసు. ఇంకో రోజు వార్డ్‌రోబ్‌లో అడుగున ఉండే పట్టుబట్టలు, పెద్ద ఆటలకు కట్టుకునేవి, గాలికి ఆరేసి కనిపించాయి. చెమ్మ పట్టిందన్నాడు. ఎడిన్‌బర్గ్‌లో చెమ్మ పట్టని బట్ట ఏది? ఇన్నేళ్ళూ లేని పట్టింపు ఇప్పుడెందుకు?

ఒక శనివారం పొద్దున మినోవా వంటింట్లో బియ్యం కడుగుతున్నాడు. అపూర్వ హాల్లో ఉంది. అతని నీడ ఆమె ముందునుంచే బెడ్‌రూమ్‌లోకి పోయింది. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. గోడ మీద నీడ సూట్‌కేస్ తెరిచింది. మడతలు మడతలుగా ఆ పట్టుబట్టలు పెట్టింది. ఆటలప్పుడు చేతిలో పట్టుకునే విసనకర్ర పెట్టింది. జిప్ వేసి, సూట్‌కేస్ ఈడ్చుకుంటూ హాల్ దాటి, వీధి తలుపు కింద సందులోంచి జారి వెళ్ళిపోయింది. వంటింట్లో నీళ్ళ చప్పుడు అట్లాగే ఉంది. మినోవా కూనిరాగం తీస్తున్నాడు.

సాయంత్రం మధులిక ఫోన్ చేసింది. మధులిక నల్గొండ పిల్ల, బ్యాంకు ఐటీలో పని, ఎడిన్‌బర్గ్‌లో అపూర్వకు చెల్లెలి లెక్క.

"అక్కా, మినోవా గారు ఊరికి పోతున్నరా?"

"ఎందుకు?"

"ఆయన నీడ ఎయిర్‌పోర్ట్ ట్రామ్ ఎక్కింది. చేతిల సూట్‌కేస్ ఉన్నది. నువ్వు ఎనకాల వస్తున్నవేమోనని చూసిన. ఒక్కటే ఉన్నది."

అపూర్వ ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది. అప్పటికి నీడ తిరిగొచ్చి సోఫాలో మినోవా పక్కన మామూలుగానే పడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఆమె చూడలేదు. ఊరికే అతనికి అతుక్కుని ఉండటానికి వచ్చిందో, వెళ్ళిన పని ముగించుకుని వచ్చిందో తెలియదు. మరుసటి వారమంతా ఆమె అనుమానంతోనే పనిచేసింది. పేషెంట్ల మోకాళ్ళు వంచుతూ అతని పాస్‌పోర్ట్ ఎక్కడుందో ఆలోచించింది. అతను షాపుకు పోతే సూట్‌కేస్ ఎత్తి బరువు చూసింది. ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండటం కూడా అనుమానంగానే అనిపించింది.

చివరికి ఒక ఆదివారం టిఫిన్ దగ్గర, ఎదురుగా కూర్చుని అడిగేసింది. వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషే. కాకపోతే అడగాల్సినవి అడిగేటప్పుడు అపూర్వ గొంతులో హన్మకొండ వచ్చేస్తుంది.

"జపాన్ పోతున్నావా?"

"లేదు" అన్నాడు మినోవా.

ఆ పాత 'లేదు' లాగానే ఉంది. ఆమె కళ్ళలోకి చూసి అతనే చెప్పుకొచ్చాడు. సంఘం పద్ధతి మార్చింది. మానేసినవాళ్ళు కొత్తగా వచ్చిన ఆటగాళ్ళలో ఒకరితో పరీక్ష ఆట ఆడి గెలిస్తే, మళ్ళీ వృత్తిలోకి తీసుకుంటారు. ఫోన్లు అందుకే. రానని చెప్పాడు, మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాడు. గెలిస్తే అక్కడే ఉండాలి, ఆటలు అక్కడే కాబట్టి. ఈ మాట ఇంట్లో చెబితే అపూర్వ వెళ్ళమంటుందని భయమేసింది. బట్టలు ఆరేసింది మాత్రం ఎందుకో తనకే తెలియదు.

అపూర్వ లేచి అతని కుర్చీని గోడవైపు తిప్పింది. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది.

"చూడు. నీ నీడను చూసి ఆ మాట చెప్పు."

మినోవా చప్పున కళ్ళు మూసుకున్నాడు. చేదు మందు వద్దనే పసివాడిలా మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. ఆమె రెండు చేతులతో అతని తల పట్టుకుంది. అతను కళ్ళు తెరవలేదు.

ఎన్నడూ చూడనివాడు ఇట్లాగే కళ్ళు మూసుకుంటాడు. ఎప్పుడూ చూసేవాడు కూడా, ఎవరైనా గమనిస్తున్నారంటే సరిగ్గా ఇట్లాగే మూసుకుంటాడు. అపూర్వకు ఏది నిజమో తేలలేదు. చేతులు వదిలేసింది.

"నీ నీడ సూట్‌కేస్ సర్దుకుని వెళ్ళిపోయింది, ఎప్పుడో" అంది.

మినోవా కళ్ళు తెరవకుండానే, పట్టుబట్టలు పెట్టుకుందా అని అడిగాడు. పెట్టుకుందని చెప్పింది. అప్పుడు కళ్ళు తెరిచి, గోడవైపు కాకుండా ఆమెవైపు చూస్తూ, "సూట్‌కేస్‌తో తిరిగి వచ్చిందా?" అన్నాడు.

"అది నేను చూడలేదు."

మర్నాడు అతను టికెట్ కొన్నాడు. తను నోరు విప్పకపోతే అతను వెళ్ళేవాడా అన్న ప్రశ్న అపూర్వను ఆ తర్వాత వదల్లేదు. తన మాటే అతన్ని ట్రామ్ ఎక్కించిందా? లేక టికెట్ కొనడానికి ఒక సాకు కోసం అతనే ఎదురుచూస్తున్నాడా? ట్రామ్ స్టాప్‌లో సూట్‌కేస్ అందిస్తూ, గెలిచి రా అంది. ఆ మాట నోటితోనే అంది. గెలిస్తే అతను అక్కడివాడు. ఓడితే ఇక్కడివాడు. లోపల ఏం కోరుకుంటోందో తనకే చెప్పుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఆట రోజు అపూర్వ డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉండిపోయింది. ఎడిన్‌బర్గ్‌లో తెల్లారేసరికే అక్కడ ఆట సగం దాటింది. ఇంటినుంచి పనిచేసే రోజు కావడంతో మధులిక ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేసింది. ఇద్దరూ వంటింటి టేబుల్ మీద లైవ్ పెట్టుకుని కూర్చున్నారు. ఉప్మా చల్లారిపోయింది.

స్క్రీన్ మీద మినోవా ఎదురుగా సకుమా అనే ఇరవయ్యేళ్ళ కుర్రవాడు. ఆ ఏడే వృత్తిలోకి వచ్చాడు. చాపల గది, కాగితం తలుపులు, మధ్యలో పలక. మినోవా పట్టుబట్టల్లో నిటారుగా, ఎవరో తెలియని మనిషిలా ఉన్నాడు. మోకాళ్ళు ఎంత నొప్పి పెడుతున్నాయో అపూర్వ ఒక్కదానికే తెలుసు. అతని రాజు మూలకు నెట్టుకుపోయి ఉన్నాడు. స్క్రీన్ పక్కన కంప్యూటర్ వేసే అంకెలు సకుమాదే పైచెయ్యి అంటున్నాయి.

అక్కడ సాయంత్రమవుతోంది. గదిలో ఉక్కగా ఉన్నట్టుంది, ఎవరో వచ్చి పడమటి తలుపు పక్కకు జరిపారు. పొద్దుగుంకే ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చింది. మినోవా నీడ చాప మీద, పలక పక్కన, పొడుగ్గా పడింది.

ఆ నీడ చేతులు తొడల మీద పెట్టుకుంది. మెల్లగా నడుము వంచింది. తల కిందికి దించి, అట్లాగే ఉండిపోయింది.

షోగిలో రాజును పట్టేదాకా ఆడరు. ఓడిపోయానని తెలిసినవాడు తల వంచి ఆ మాట చెబుతాడు, ఆట అయిపోతుంది. స్క్రీన్ కింద కామెంట్లు వానలా పడ్డాయి.

"అయిపోయిందా అక్కా?" అంది మధులిక.

"అయిపోయింది" అంది అపూర్వ.

ఆమె ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. వస్తాడు. ఫ్రీజర్‌లో చేపలున్నాయి, తీసి పెట్టాలి. మోకాళ్ళకు మళ్ళీ మొదటినుంచీ వ్యాయామాలు చేయించాలి. ఆలోచన అంతదూరం పోయాక గానీ తను సంతోషపడుతోందని ఆమెకు తెలియలేదు. మధులిక వైపు చూడలేకపోయింది.

స్క్రీన్ మీద సకుమా కళ్ళు పలక వదిలి చాప మీదికి పోయాయి. అక్కడ కాసేపు ఆగాయి. అతని భుజాలు వదులయ్యాయి. వెనక్కి జరిగి టీ తాగాడు. ఆ తర్వాత పెద్దగా ఆలోచించకుండా చెయ్యి చాపి, అందుబాటులో ఉన్న ఒక పావును పట్టేసుకున్నాడు. ఎట్లాగూ ముగిసిన ఆట కదా అన్నట్టుంది ఆ చెయ్యి.

మినోవా పలకనే చూస్తున్నాడు. పొద్దున్నుంచీ చూస్తున్నట్టే, మూలకు తరిమిన తన రాజునూ ఎదుటి రాజునూ మార్చి మార్చి చూస్తున్నాడు. పక్కనే తన నీడ తల వంచుకుని ఉంటే అటు కన్ను కూడా తిప్పలేదు. చాలాసేపటికి, అంతకుముందు సకుమా దగ్గర పట్టుకున్న గుర్రాన్ని తీసి, సకుమా రాజు పక్కన చప్పుడు చేస్తూ దించాడు.

స్క్రీన్ పక్కన అంకెలు తిరగబడ్డాయి. సకుమా చేతిలో టీ కప్పు ఆగిపోయింది. ముందుకు వంగి, తల రెండు చేతులతో పట్టుకుని, పలక మీద ఒక దారి తర్వాత ఒక దారి వెతుక్కుంటూ పోయాడు. మిగిలిన సెకన్లు లెక్కపెట్టి చదివే ఆమె గొంతు తప్ప గదిలో ఇంకే చప్పుడూ లేదు. చివరికి అతను కూర్చున్న తీరు సరిచేసుకుని, తల వంచి, "ఓడిపోయాను" అన్నాడు.

అప్పుడు మినోవా చేతులు తొడల మీద పెట్టుకుని బదులుగా తల వంచాడు. గెలిచినవాడు కూడా వంచాలి, అది మర్యాద. చాలాసేపటి నుంచి వంగి ఎదురుచూస్తున్న నీడలోకి అతని ఒళ్ళు సరిగ్గా వచ్చి కలిసింది.

విలేకరులు వచ్చి కూర్చున్నాక మధులిక స్క్రీన్ కింద ఇంగ్లీష్ అనువాదం వచ్చేట్టు పెట్టింది. ఎక్కడ తప్పు జరిగిందని మొదట సకుమానే అడిగారు. అతను దాచకుండా చెప్పాడు. తను నీడను చూశాడు. అది తల వంచింది కాబట్టి గెలిచాననుకుని తొందరపడ్డాడు. అది ఏ వందనమో తనకు అర్థం కాలేదు. ఆ తర్వాత అతను ఇంకో మాట అన్నాడు.

"మినోవా గారు చూసి ఉంటే, ఆయన కూడా నాలాగే అనుకుని అక్కడే ఆట వదిలేసేవారు. అప్పటికి ఆయన స్థితి అంత బాగోలేదు. ఆయన చూడలేదు. ఆ గదిలో నీడను చూడనిది ఆయనొక్కరే."

వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి, ఎప్పుడో విచారణ చేసినవాళ్ళలో ఒకాయన, లేచి మినోవా ఎదురుగా వచ్చి కాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఆట గురించి అడగడం మొదలుపెట్టాడు. గుర్రం దించే ముందు ఇంకేమి ఆలోచించారు అని.

అపూర్వ సింక్ దగ్గరికి పోయి ట్యాప్ తిప్పింది. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. మధులిక వచ్చి ట్యాప్ కట్టేసింది.

"గెలిచిండు గదా అక్కా, ఇంకేంది?"

"నేను కూడా నీడనే చూసిన మధూ" అంది అపూర్వ. "ఇన్నేళ్ళు దాన్నే చూసిన."

పది రోజుల తర్వాత, ఇక్కడి సంగతులు చూసుకోవడానికి మినోవా తిరిగొచ్చాడు. ఇక్కడి సంగతులు అంటే ఏమిటో ఫోన్‌లో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎయిర్‌పోర్ట్‌లో అద్దాల గోడలోంచి ఎండ నేలంతా పరుచుకుని ఉంది. తాడు కట్టిన చోట నిలబడ్డ, వాళ్ళను ఎరిగిన ఎయిర్‌పోర్ట్ ఉద్యోగి అపూర్వతో, మీ ఆయన నీడ ఇప్పుడే బయటికి వచ్చింది, ఆయన కూడా వచ్చేస్తారు అని చెప్పాడు.

నల్లటి అంచు ఒకటి నేల మీద జారుతూ ఆమె బూట్ల దగ్గరికి వచ్చింది. దాని చేతిలో ఒక సూట్‌కేస్ ఉందో, రెండున్నాయో, అది ట్రామ్ వైపు తిరుగుతుందో, మళ్ళీ విమానాల వైపే మళ్ళుతుందో, తల ఒక్కసారి దించితే తెలిసిపోతుంది. అపూర్వ తల ఎత్తి తలుపులనే చూస్తూ నిలబడింది. మెడ నరాలు లాగాయి. నీడ ఆమె పక్కనుంచి ఎటో వెళ్ళింది. ఎటు వెళ్ళిందో ఆమె చూడలేదు.

తలుపులు తెరుచుకుని మినోవా బయటికి వచ్చాడు. కుంటుతున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కడుంటావా, ఇక్కడుంటావా?" అంది అపూర్వ, పలకరింపు కూడా లేకుండా.

"ఇంకా తెలియదు. నిన్ను అడగలేదు కదా."

"అయితే అడుగు."

మినోవా చుట్టూ చూసి, గోడ పక్కన ఖాళీగా ఉన్న బెంచీ మీద మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. పక్కన ఆమెకు చోటు చేసి, మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చి, ఎక్కడుందామని అడిగాడు. అద్దాల బయట ఒక ట్రామ్ వచ్చి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకటి కూడా వెళ్ళిపోయింది.